నొప్పి చెవిలో, జబ్బు దవడలో

శ్రోతలకు నమస్కారం. చెవులకు కాస్త ముందు రెండు వైపులా వేళ్లు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేలి కింద గుండ్రటి ఎముక ఒకటి ముందుకు జరిగి, మళ్లీ వెనక్కి వెళ్తుంది కదూ? అక్కడే ఉంది దవడ కీలు. మోకాలు నొప్పెడితే కాసేపు కూర్చుంటాం. మాట్లాడినా, నమిలినా, ఆవులించినా కదలాల్సిన దవడకు ఆ వీలెక్కడిది?

ఈ కీలుకు ఆర్థ్రైటిస్ వస్తే చాలామంది ముందు చెవి డాక్టరు దగ్గరికే వెళ్తారు. ఆయన లైటు వేసి చూసి, చెవిలో ఏమీ లేదంటారు. తర్వాత పళ్ల డాక్టరు. బాగున్న పన్నుకు రూట్ కెనాల్ చేయించుకునే వాళ్లూ ఉంటారు. అలాగని రోగి చెప్పేది అబద్ధం కాదు. ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరం, అదే త్రిధార నాడి, మూడు పాయలుగా చీలుతుంది. కింది దవడకు వచ్చే పాయలోంచి ఒక సన్నని కొమ్మ కీలు వెనకగా సాగి, కీలుకూ, చెవి ముందు భాగానికీ, కణతకూ చేరుతుంది. కబురు ఏ చోటి నుంచి వచ్చిందో మెదడు పోల్చుకోలేక తికమక పడుతుంది.

అసలు సంగతి ఇంకా లోపల ఉంది. మూడు పాయల నరకణాలూ పుర్రె లోపల అడుగున ఒకే ముడిలో పక్కపక్కనే ఉంటాయి. కీలు వాచినప్పుడు కొన్ని నరకణాలు సీజీఆర్‌పీ అనే రసాయనాన్ని వదులుతాయి. అది చుట్టూ ఉన్న గ్లియా కణాలను, అంటే నరకణాలకు అండగా ఉండే కణాలను రెచ్చగొడితే, అవి పక్క పాయల నరకణాలను కూడా రెచ్చగొడతాయి. ఇదంతా ఎక్కువగా ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలిన విషయం. దవడ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి తలనొప్పి కూడా ఎందుకుంటుందో దీనివల్ల కొంత అర్థమవుతుంది. మైగ్రేన్‌లోనూ ఈ రసాయనానిదే పెద్ద పాత్ర. దాన్ని అడ్డుకునే మొదటి ఇంజెక్షన్‌కు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది, అదీ మైగ్రేన్‌కే.

అదే రసాయనం నరం రెండో కొసన, కీలులోనూ విడుదలవుతుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, వాపు పెరుగుతుంది. కబురు మోసుకొచ్చిన చుట్టమే పుల్లలు పెట్టి వెళ్లినట్టన్నమాట. పైగా నొప్పి నెలల తరబడి సాగితే మెదడు కాండంలోని కణాలు మామూలు తాకిడిని కూడా నొప్పిగా చూపిస్తాయి. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలూ అక్కడే కలుస్తాయి కాబట్టి మెడ కూడా లాగుతుంది. అందుకే స్కాన్‌లో ఎముక బాగా అరిగినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, పెద్దగా అరగకపోయినా విలవిల్లాడేవాళ్లున్నారు. ఒక్క స్కాన్ చూసి ఆపరేషన్ అంటే తొందరపడకండి.

చాలామందికి కత్తి పడకుండానే తగ్గుతుంది. కొన్నాళ్లు చెగోడీలు, జంతికలు మానేయండి, వేడి కాపడం పెట్టుకోండి. టెన్షన్‌లో పళ్లు బిగించే అలవాటుంటే గమనించుకోండి. పెదాలు మూసినా పై పళ్లూ కింది పళ్లూ ఎడంగానే ఉండాలి. అయితే మెట్లెక్కినప్పుడు దవడ లాగి, ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది కీలు నొప్పి అనుకోవద్దు. గుండె నొప్పి కూడా దవడలో తెలుస్తుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నమస్కారం.