బోరు బండిని పిలిచే ముందు

నమస్కారం. యాభై దాటాక ఉద్యోగం పోయినవాళ్ల కోసం ఈ వీడియో. నాకు 53వ ఏట పోయింది. తాడిపత్రి దగ్గర ఒక కంపెనీలో 22 ఏళ్లు లెక్కలు రాశాను. ఒక శుక్రవారం సాయంత్రం పిలిచి, సోమవారం నుంచి రావద్దన్నారు.

ఆ రాత్రే ఇంట్లో చెప్పేశాను. నా భార్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అన్నం తిను" అంది. ఇంట్లో దాచకపోవడం వల్ల తర్వాతి రోజులు కొంచెం తేలికగా గడిచాయి.

అసలు టెన్షన్ గ్రాట్యుటీ డబ్బు, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు, చేతికి వచ్చాక మొదలైంది. ఒకరు వడ్డీకి తిప్పుదామన్నారు. ఇంకొకరు మా అబ్బాయికి ఆటో కొనివ్వమన్నారు. మా అన్న, "చేను బీడు పడింది కదరా, ఒక బోరు వేస్తే చీనీ (బత్తాయి) చెట్లు పెట్టుకోవచ్చు" అన్నాడు. నాకూ అదే నచ్చింది. జీతం ఆగిపోయినప్పుడు సొంత చేను గుర్తొస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో మన సీమవాళ్లకు చెప్పక్కర్లేదు.

నీళ్లు ఎక్కడున్నాయో చెబుతానని, టెంకాయ అరచేతిలో పెట్టుకుని ఒకాయన చేనంతా నడిచి ఒకచోట ఆగాడు. రాత్రికి బోరు బండి వచ్చింది. 300 అడుగుల దగ్గర కొంచెం తడి కనబడింది. ఇంకాస్త పోదామన్నారు. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. 720 అడుగుల దాకా తెల్ల దుమ్మే లేచింది. తెల్లవారేసరికి ఆ డబ్బులో మూడో వంతు అయిపోయింది.

మా అన్న మీద నాకు కోపం లేదు, మంచి కోరే చెప్పాడు. కానీ అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ బోరు వేయడం ఎప్పుడూ పందెమే. ఉద్యోగం పోయిన మొదటి ఆరు నెలల్లో ఆ పందెం కాయకండి. డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి. అడిగినవాళ్లతో "ఆరు నెలలు ఆగప్పా" అనండి.

ఈలోగా మీకు రావాల్సినదంతా వచ్చిందో లేదో చూసుకోండి. గ్రాట్యుటీకి ఆఖరి నెల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి, 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో మళ్లీ హెచ్చించాలి. నాకు ఆ మొత్తం 26,000. అంటే ఏడాదికి 15,000, 22 ఏళ్లకు 3,30,000. మా కంపెనీ 30తో భాగించి 2,86,000 ఇచ్చింది. లెక్కలు రాసేవాడిని నేనే, ఆ గాభరాలో చూసుకోలేదు. రెండు నెలల తర్వాత కాగితం మీద వేసి ఉత్తరం రాస్తే మిగతా 44,000 ఇచ్చారు. ఇవ్వకపోతే కార్మిక శాఖకు వెళ్లొచ్చు.

రాజీనామా ఉత్తరం మాత్రం తొందరపడి రాయకండి. "సొంత కారణాల వల్ల" అని రాసిమ్మంటారు. వర్కర్ల కింద వచ్చేవాళ్లకు ఏడాది సర్వీసు ఉంటే, తీసేసేటప్పుడు నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది. రాజీనామా మీరే ఇస్తే ఆ పరిహారం అడగలేరు. ఒక రాత్రి గడువు అడిగి, కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి.

పీఎఫ్ పెన్షన్ పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు 58కి వస్తుంది. 50 దాటితే ముందే తీసుకోవచ్చు, కానీ ముందుకు జరిపే ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. ఆ కోత బతికున్నంత కాలం ఉంటుంది. నాకిప్పుడు 56. ఇంకా తీసుకోలేదు.

ఇల్లు ఎలా గడుస్తోందంటే, రెండు గ్రానైట్ పాలిష్ యూనిట్లకు జీఎస్టీ లెక్కలు చూస్తున్నాను. పాత జీతంలో సగం వస్తోంది. ఆ పని దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నడిచింది బోరు పోగా మిగిలిన డబ్బుతోనే.

గ్రాట్యుటీ లెక్క తెలియనివాళ్లు ఆఖరి బేసిక్, డీఏ, సర్వీసు ఏళ్లు కింద రాయండి. పేరూ, కంపెనీ పేరూ అక్కర్లేదు. ఎంత రావాలో లెక్క వేసి చెబుతాను.