తిప్పేది నేను కాదు, నా చేతిలో ఉన్నది పగ్గం

నమస్తే అండి. ఒంగోలు బయట కోతలైన పొలంలో కంట్రోల్ లైన్ విమానం, అంటే తీగలు పట్టుకుని నడిపే చిన్న మోడల్ విమానం, ఎగరేసిన ప్రతిసారీ గట్టు మీద ఎవరో ఒకరు ఆగి అడుగుతారు: "ఏంది అబ్బాయ్, తాడు కట్టి గిరగిరా తిప్పతా ఉండావా?" లేదండీ. తిప్పడం లేదు. ఈ వీడియో దాని కోసమే.

మన ఒంగోలు గిత్తని తీసుకోండి. బండి లాగేది గిత్త. పగ్గం పట్టినవాడు లాగడు, ఎటు పోవాలో చెబుతాడు. ఇక్కడా అంతే. విమానాన్ని లాగేది దాని ముక్కున ఉన్న ఇంజను. నా చేతిలోవి రెండు పగ్గాలు, సుమారు 20 మీటర్ల సన్నటి స్టీలు తీగలు.

(దగ్గరగా: చేయి, హ్యాండిల్)

మణికట్టు చూడండి. ఇలా వెనక్కి వంచితే పై తీగ నా వైపుకొస్తుంది, కిందిది అటు పోతుంది. అవతల విమానంలో బెల్‌క్రాంక్ అనే చిన్న పలక ఉంది. గిత్తకి ముకుతాడు లాంటిది. అది తిరిగి కడ్డీని కదిలిస్తే తోకమీద ఎలివేటర్ అనే కదిలే రెక్క లేస్తుంది, విమానం పైకెళ్తుంది. లూపైనా (గాల్లో నిలువు చుట్టు), తలకిందుల ఎగురుడైనా ఈ మణికట్టుతోనే. నాకిందులో బాగా నచ్చేది ఇదే.

పగ్గం వదులైతే గిత్తకి మాట అందదు. తీగ వదులైనా అంతే. కిలోన్నర విమానం 5 సెకన్లకో చుట్టు తిరిగితే వేగం గంటకి 90 కిలోమీటర్లు. అప్పుడు చేతిని సుమారు 5 కిలోల బరువుతో లాగుతుంది. ఆ బిగువు పోకుండా బయటి రెక్క కొసలో కాస్త సీసం పెడతారు, ఇంజన్ని కొద్దిగా బయటికి తిప్పి బిగిస్తారు.

పైరగాలి వీస్తుంటే వీపు గాలికి పెట్టి, ఎదురుగానే లూప్ వేయండి. గాలి విమానాన్ని దూరంగా నెడుతుంది, పగ్గం బిగిసే ఉంటుంది. నా మొదటి విమానంతో ఇలా కాకుండా గాలి వచ్చే వైపు లూప్ వేశాను. గాలి నా మీదికే నెట్టింది. తీగలు జారాయి, హ్యాండిల్ ఎంత వంచినా చేతికేమీ తగల్లేదు. రెక్క ముక్కలు ఏరుకుని ఇంటికెళ్లాను.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 1940 ప్రాంతంలో అమెరికాలో జిమ్ వాకర్ తన ఫైర్‌బాల్ మోడల్‌తో దీన్ని జనంలోకి తెచ్చాడు. పోటీల్లో చదరపు లూపులు, నెత్తిమీద ఎనిమిది అంకె కూడా వేస్తారు. లూపులకి తీగలు మెలిపడతాయి, అయినా జారుతూ పనిచేస్తాయి. కరెంటు తీగలున్న పొలంలో అసలు ఎగరేయొద్దు, మీ చేతిలో ఉన్నదీ లోహమే. హ్యాండిల్ పట్టీ మణికట్టుకి వేసుకోండి. ఒకరు విమానం పట్టుకుంటే మీరు హ్యాండిల్ దగ్గర్నుంచి గట్టిగా లాగి చూడండి. తెగలేదా? ఇక ఇంజను స్టార్ట్ చేయండి.