ఐకాన్ కాదు, ఇంజిన్ మారాలి

సభకు నమస్కారం. సమయం తక్కువ కాబట్టి వేదికమీది పెద్దలందరికీ ఒకేసారి కృతజ్ఞతలు చెప్పి విషయానికి వస్తాను.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ ముందే ఉంటుంది. విసుగొచ్చినవాళ్లు బ్రేవ్, ఎడ్జ్, ఒపేరా, వివాల్డీ తెచ్చుకుని బ్రౌజర్ మార్చామంటారు. వాటన్నిటి లోపలా నడిచేది క్రోమియమే, అంటే క్రోమ్‌కున్న అదే పునాది, అదే ఇంజిన్. ఇంజిన్ అంటే వెబ్‌పేజీని చదివి తెరమీద చూపే లోపలి భాగం. శామ్‌సంగ్ ఇంటర్నెట్‌దీ అదే దారి. ఒపేరాకు ఒకప్పుడు ప్రెస్టో అనే సొంత ఇంజిన్ ఉండేది, 2013లో దాన్ని వదిలేసింది. ప్రపంచమంతా ఒకే ఇంజిన్ మీద నడిస్తే, వెబ్‌సైట్ కట్టేవాడు ఆ ఒక్కదానిలోనే పరీక్షించి చేతులు దులుపుకుంటాడు. నా బాధంతా ఇదే. అందుకే ఈ రోజు ఫైర్‌ఫాక్స్ గురించే మాట్లాడతాను. దాని ఇంజిన్ గెకో, పూర్తిగా వేరే.

ఒక్కసారి తెరిచి, రెండు పేజీలు చూసి, "బాగాలేదు" అని తీసేయడం పరీక్ష అనిపించుకోదు. ముందు దాన్ని డిఫాల్ట్ చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అందులో బ్రౌజర్ యాప్. అలా చేయకపోతే వాట్సాప్‌లో నొక్కిన ప్రతి లింకూ మళ్లీ క్రోమ్‌లోకే పోతుంది. ఇక పరీక్షించినదేమిటి?

తర్వాత ఫైర్‌ఫాక్స్ మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్‌కు, అంటే బ్రౌజర్‌కు తగిలించే అదనపు పనిముట్లకు వెళ్లి, ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ చేర్చండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకు చోటే లేదు. తెలుగు వార్తల సైట్లు చదివేవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. అయితే కొన్ని యాప్‌లు లింకును తమ లోపలి కిటికీలోనే తెరుస్తాయి. అక్కడ ఈ అడ్డు పనిచేయదు. మెనూలో "బ్రౌజర్‌లో తెరువు" ఉంటే అది నొక్కండి.

ఇప్పుడు చిక్కుల సంగతి. దయచేసి ఫోన్లు పక్కన పెట్టి ఇది వినండి, ఎక్కువమంది వెనక్కి పోయేది ఇక్కడే. డబ్బు కట్టే పేజీలో యూపీఐ బటన్ నొక్కితే ఒక్కోసారి ఏమీ జరగదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో "లింకులను యాప్‌లలో తెరువు" అన్నది "ఎప్పుడూ వద్దు" మీద ఉందేమో చూడండి. "అడుగు" అని మార్చితే సరి. ఓటీపీని కొన్ని సైట్లలో క్రోమ్ తనే మెసేజ్ నుంచి అందిస్తుంది. ఆ సదుపాయం ఫైర్‌ఫాక్స్‌లో లేదు, చూసి టైపు చేయాలి. ఏదైనా సైట్‌లో లాగిన్ తిరిగి తిరిగి మొదటికొస్తుంటే, అడ్రస్ బార్ పక్కనున్న డాలు గుర్తు నొక్కి, ఆ ఒక్క సైట్‌కే ట్రాకింగ్ రక్షణ, అంటే సైట్లు మనల్ని వెంటాడి గమనించకుండా ఫైర్‌ఫాక్స్ పెట్టే కాపలా, ఆపండి. అప్పటికీ కదలకపోతే యూబ్లాక్‌ను కూడా ఆ సైట్‌కు ఆపి చూడండి. దాన్ని పూర్తిగా తీసేయకండి.

ఐఫోన్ వాళ్లు నొచ్చుకోకండి. మన దేశంలో ఐఫోన్ మీద ఏ పేరుతో ఉన్న బ్రౌజరైనా, ఆపిల్ నిబంధన ప్రకారం, ఆపిల్ సొంత ఇంజిన్ వెబ్‌కిట్ మీదే నడుస్తోంది. యూరోపియన్ యూనియన్‌లో 2024లో ఐఓఎస్ 17.4తో ఆ నిబంధన సడలించారు. మన దగ్గర ఆ సడలింపు లేదు కాబట్టి నేను చెప్పిన యూబ్లాక్ మీ ఫైర్‌ఫాక్స్‌లో దొరకదు.

పాస్‌వర్డ్‌ల గురించి ఒక హెచ్చరిక. క్రోమ్‌లో దాచుకున్నవాటిని ఫైర్‌ఫాక్స్‌కు తెచ్చుకోవాలంటే ముందు వాటిని ఒక ఫైలుగా ఎగుమతి చేయాలి. ఆ సీఎస్‌వీ ఫైలులో అన్నీ తాళం లేకుండా, మామూలు అక్షరాల్లో ఉంటాయి. కంప్యూటర్‌లోని ఫైర్‌ఫాక్స్‌లోకి దిగుమతి చేసి, మొజిల్లా ఖాతాతో ఫోన్‌కు సింక్ చేయండి. అవి ఫోన్‌లో కనిపించాక ఆ ఫైలును చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. ఎవరికైనా ఈ దశలో సందేహం ఉంటే ఇప్పుడే అడగండి.