సాంబారు బకెట్ ఎత్తితే కిడ్నీ జారిపోద్దా?

హాయ్ అండి, అందరూ బాగున్నారా. మొన్న మా చుట్టాల పెళ్ళిలో బంతి మీద వడ్డిద్దామని సాంబారు బకెట్ పట్టుకున్నానో లేదో మా పెద్దమ్మ ఉరుక్కుంటూ వచ్చి లాగేసుకుంది, "ఒరేయ్, మీ అమ్మ ఇచ్చిన కిడ్నీరా అది, జారిపోద్ది" అని. ఆపరేషన్ అయ్యి నాలుగేళ్ళు దాటిందండి నాకు!

అసలు కొత్త కిడ్నీ ఎక్కడ పెడతారో చాలామందికి తెలీదు. నడుము వెనక కాదు, పొట్ట కింద, గజ్జల పైన ఓ పక్కకి పెట్టి, కాలికి వెళ్ళే రక్తనాళాలకి కలిపి కుట్టేస్తారు, పాతవి మామూలుగా అలాగే వదిలేస్తారు. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులొద్దనేది కుట్లు ఊడి హెర్నియా రాకూడదని. ఆ తర్వాత నడిస్తే, మెట్లెక్కితే అదెక్కడికీ జారదు. కాకపోతే అక్కడ దానికి పక్కటెముకల కాపలా ఉండదు కదా, అందుకే కబడ్డీ, బాక్సింగ్ లాంటివి మాత్రం వద్దు.

నిజంగా భయపడాల్సింది మంచం గురించి. డయాలసిస్ రోజుల్లోనే కండంతా కరిగిపోయి ఉంటది, పైన కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వేసే మందుల్లో స్టెరాయిడ్ తొడల్లో బలం లాగేస్తది, ఎముక పలచబడతది, అదే పనికి వేసే ఇంకో మందు టాక్రోలిమస్ తో కొందరికి షుగర్ కూడా వస్తది, ఇన్ని ఉంటే రెస్ట్ తీసుకో నాన్నా అంటే ఎలా? నేనైతే కింద కూర్చుని చెయ్యి ఊతం లేకుండా లేవడానికి మూడు నెలలు పట్టింది, హాస్పిటల్ వరండాలో మొదలెట్టి, తర్వాత మా వీధి చివరిదాకా, అలా.

ఇక నా తప్పు చెప్తా. కొంచెం బలం రాగానే షటిల్ ఆడా, మోకాలు పట్టేసింది, మందుల షాపులో నొప్పి బిళ్ళ అడిగితే ఇచ్చాడు, మూడ్రోజులు వేసేశా. తర్వాత రక్త టెస్టులో క్రియాటినిన్ (ఇది పెరిగితే కిడ్నీ సరిగ్గా వడకట్టట్లేదని అర్థం) 1.1 నుంచి 1.6! డాక్టర్ గారు కడిగేశారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, టాక్రోలిమస్ కూడా అదే పని చేస్తది, రెండూ కలిస్తే ఇంకేముంది. అంటే నా కిడ్నీకి దెబ్బ ఆటతో కాదు, ఆట తర్వాత వేసుకున్న బిళ్ళతో. జిమ్ లో కండ పెరగడానికని క్రియాటిన్ పౌడర్ ఇస్తామన్నా అంతే, డాక్టర్ ని అడక్కుండా ముట్టుకోకండి.

గుండె మార్పించుకున్నవాళ్ళ లెక్క వేరు. కొత్త గుండెకి నరాలు తెగి ఉంటాయి కాబట్టి ఊరికే కూర్చున్నా 90, 100 కొట్టుకుంటది, నడక మొదలెట్టినా వెంటనే పెరగదు, ఆపినా వెంటనే తగ్గదు. అందుకే ముందూ వెనకా ఓ పది నిమిషాలు మెల్లగా నడవాలి. చేతికున్న వాచీలో పల్స్ చూసి మురిసిపోవడం కాదు, నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా లేదా చూసుకోండి.

క్రిస్ క్లగ్ అని ఒక అమెరికా స్నోబోర్డర్, 2000 జూలైలో లివర్ మార్చారు, 2002 వింటర్ ఒలింపిక్స్ లో బ్రాంజ్ కొట్టాడు! మనకి మెడల్ ఎందుకులెండి, మే నెలలో తెల్లారి ఐదున్నరకే వాకింగ్ ముగించుకుని, ఒంట్లో నీళ్ళు తగ్గకుండా చూసుకుంటే చాలు.

పెద్దమ్మకి ఈ వీడియో పంపిస్తా. వచ్చే నెల ఇంకో పెళ్ళుంది, బకెట్ నాదే.