ఎర్ర సముద్రంలో అసలు కొరత దేనికి?

(చర్చలో పాల్గొన్నవారు: నౌకాదళ ఆయుధ విభాగంలో పనిచేసి రిటైరైన కమాండర్, మర్చంట్ నేవీ కెప్టెన్, సముద్ర బీమా విశ్లేషకురాలు)

వ్యాఖ్యాత: నమస్కారం. 2023 నవంబర్ 19న యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడని పట్టుకుపోయారు. అప్పట్నుంచి ఎర్ర సముద్రం మాట ఎత్తితే చాలు, ఇరవై వేల డాలర్ల డ్రోన్‌ని కూల్చడానికి ఇరవై లక్షల డాలర్ల క్షిపణా అంటున్నారు. కమాండర్ గారూ, ఈ లెక్క నిజమేనా?

కమాండర్: నిజమే గానీ సగం లెక్క అండీ. డ్రోన్ ధరని క్షిపణి ధరతో కాదు, అది తగిలితే పోయే దానితో పోల్చాలి. డిస్ట్రాయర్ ఖరీదు వందల కోట్ల డాలర్లలో ఉంటుంది, లోపల మూడు వందల మంది ఉంటారు. ఆ సమయంలో ఏ కెప్టెనూ ధరల పట్టిక చూడడు. నేను చెప్పే కొరత వేరు. ఓడలో క్షిపణులు పెట్టే నిలువు గొట్టాలు, అంటే లాంచ్ సెల్స్, లెక్కకి ఇన్నే ఉంటాయి. అమెరికా ఆర్లీ బర్క్ డిస్ట్రాయర్లలో 90 నుంచి 96 ఉంటాయి. అన్నీ వాయు రక్షణకే కాదు, నేల మీది లక్ష్యాల్ని కొట్టే టోమహాక్ క్షిపణులకి కొన్ని, జలాంతర్గామి వ్యతిరేక ఆయుధాలకి కొన్ని పోతాయి. మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నంలో బరాక్-8 అనే వాయు రక్షణ క్షిపణికి 32 సెల్స్. ఒక్కో లక్ష్యానికి రెండేసి వదిలితే పదహారు లక్ష్యాలకి ఖాళీ.

వ్యాఖ్యాత: రెండేసి ఎందుకు? ఒకటి వదిలి, తగిలిందో లేదో చూసి, రెండోది వదలొచ్చు కదా?

కమాండర్: టైం ఉంటే అలాగే చేస్తాం. రాడార్ నీటికి 25 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. క్రూయిజ్ క్షిపణి నీళ్లకి పది మీటర్ల ఎత్తున వస్తోందనుకోండి. భూమి వంపు వల్ల అది 33, 34 కిలోమీటర్ల దాకా వస్తే గానీ కనపడదు. సెకనుకి 280 మీటర్ల వేగమైతే చేతిలో ఉన్నది రెండే నిమిషాలు. అందులోనే గుర్తించాలి, మనదా పరాయిదా తేల్చాలి, ఏ ఆయుధం వాడాలో నిర్ణయించాలి, వదలాలి. మన క్షిపణి ఎదురెళ్లి కలవడానికి మళ్లీ పాతికో ముప్పయ్యో సెకన్లు పడుతుంది. 2024 జనవరి 30న గ్రేవ్లీ అనే అమెరికా ఓడ విషయంలో ఒక క్షిపణి సుమారు ఒక మైలు దూరం దాకా వచ్చేసింది. చివరికి ఫాలాంక్స్ తుపాకీతో కూల్చారు. అది ఆఖరి గడప, దాని తర్వాత ఓడ ఒళ్లే.

డ్రోన్ సంగతి అలా కాదు. షాహెద్ అనే ఇరాన్ రకం డ్రోన్ గంటకి 180 కిలోమీటర్ల చిల్లర వేగంతో వస్తుంది. అంతే ఎత్తున వచ్చినా అదే 33 కిలోమీటర్లకి పదకొండు నిమిషాలు పడుతుంది. అంటే ఫిరంగి పరిధిలోకి వచ్చేదాకా ఆగే వీలుంది. డ్రోన్‌కి క్షిపణి వదలడం మీద నా అభ్యంతరం అందుకే. డబ్బు దండగని కాదు, సెల్ దండగని.

కెప్టెన్: ఆగడం అన్నది మీ ఓడకైతే సరే సర్. మీ వెనకాల మూడు మైళ్లలో ఎనభై వేల టన్నుల బల్క్ క్యారియర్ వస్తుంటే, మీరు ఆగిన ఆ ఎనిమిది నిమిషాలూ ఎవరి నెత్తిన?

కమాండర్: ఒప్పుకుంటాను. ఎస్కార్ట్ డ్యూటీలో ఉన్న ఓడ క్షిపణి ముందే వదిలేయడానికి అదే కారణం. తుపాకీ తన చుట్టూ ఉన్న జాగానే కాపాడుతుంది. మన ఏకే-630 తుపాకీ నాలుగు కిలోమీటర్లు దాటి పెద్దగా పనిచెయ్యదు. 76 ఎంఎం ఫిరంగిది ఇంకా నయం.

వ్యాఖ్యాత: అయిపోతే సముద్రంలోనే నింపుకోవచ్చు కదండీ? ఓడ నడుస్తుండగానే ఇంధనం ఎక్కిస్తారు కదా.

కమాండర్: ఇంధనానికి గొట్టం వంగుతుంది. క్షిపణి వంగదు. ఆరేడు మీటర్ల పొడవు, టన్ను పైచిలుకు బరువు ఉన్న పెట్టెని నిట్టనిలువుగా ఎత్తి, తనకి సరిగ్గా సరిపోయే గూట్లోకి దించాలి. రేవులో కట్టేసిన ఓడలోనే నెమ్మదిగా చేసే పని అది. అలలకి ఓడ రెండు డిగ్రీలు ఒరిగినా క్రేన్ చివర పెట్టె లోలకంలా ఊగుతుంది. తొలి ఆర్లీ బర్క్‌లలో ఇందుకోసమే ఓడలో చిన్న క్రేన్ పెట్టారు. ముందొకటి, వెనకొకటి. ఒక్కోటీ మూడు సెల్స్ చోటు తినేసింది, పని మాత్రం ప్రమాదకరంగానూ నత్తనడకగానూ సాగింది. తర్వాతి ఓడల్లో తీసేశారు. 90 కాస్తా 96 అయింది అందుకే. 2024 అక్టోబర్‌లో శాన్ డియాగో దగ్గర చోసిన్ అనే క్రూయిజర్ మీద కొత్త పద్ధతి పరీక్షించారు, అదీ ఖాళీ పెట్టెతో. కాబట్టి ఈ రోజుకీ సెల్స్ ఖాళీ అయితే రేవుకి పోవాల్సిందే. పోయి వచ్చే ఆ రోజులన్నీ అక్కడ ఒక ఓడ తక్కువే.

వ్యాఖ్యాత: మొత్తం ఎంత వాడారో లెక్కేమైనా బయటికొచ్చిందా?

కమాండర్: 2025 జనవరిలో అమెరికా నౌకాదళమే చెప్పింది. పదిహేను నెలల్లో వాడిన వాయు రక్షణ క్షిపణులు 120 ఎస్‌ఎం-2లు, 80 ఎస్‌ఎం-6లు, ఈఎస్‌ఎస్‌ఎం, ఎస్‌ఎం-3 కలిపి ఇరవై, ఐదంగుళాల ఫిరంగి గుళ్లు 160. ఈ ఆఖరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. క్షిపణులు 220, ఫిరంగి గుళ్లు 160. ఒక ఫిరంగి వరస పెట్టి కాల్చాలే గానీ ఆ 160 గుళ్లు పది నిమిషాల పని. అంటే తుపాకీని నమ్మి ఆగింది చాలా తక్కువసార్లు.

వ్యాఖ్యాత: ఎందుకు నమ్మలేదంటారు?

కమాండర్: డెన్మార్క్ అనుభవం చూడండి. 2024 మార్చిలో ఐవర్ హుయిట్‌ఫెల్ట్ అనే వాళ్ల ఫ్రిగేట్ మీదికి డ్రోన్లు వచ్చాయి. రాడార్‌కీ యుద్ధ నిర్వహణ కంప్యూటర్‌కీ మధ్య లంకె తెగింది. దాదాపు అరగంట సేపు ఈఎస్‌ఎస్‌ఎం క్షిపణి ఒక్కటీ వదల్లేకపోయారు. సరే, ఫిరంగి ఉంది కదా అని కాల్చారు. గుళ్లలో సగం దాకా గొట్టం దాటిన కాసేపటికే, ఓడకి దగ్గర్లోనే పేలిపోయాయి. పాత నిల్వలు అవి. అయినా డ్రోన్లన్నిటినీ కూల్చారు, అది వేరే సంగతి. ఈ లోపాలు పైకి సరిగ్గా చెప్పలేదని వాళ్ల రక్షణ దళాధిపతినే తీసేశారు. అంతకు కొద్ది రోజుల ముందే జర్మనీ ఫ్రిగేట్ హెస్సెన్ రెండు ఎస్‌ఎం-2లు వదిలింది. రెండూ గురి చేరకుండానే సముద్రంలో పడ్డాయి. అదృష్టం ఏమిటంటే, వాళ్లు గురిపెట్టింది అమెరికావాళ్ల రీపర్ డ్రోన్ మీద.

కెప్టెన్: (నవ్వుతూ) రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు.

కమాండర్: అన్నిసార్లూ అలా కలిసిరాదు. 2024 డిసెంబర్‌లో గెటిస్‌బర్గ్ క్రూయిజర్ తమ సొంత ఎఫ్-18నే కూల్చేసింది. పైలట్లిద్దరూ బయటపడ్డారు. దాడులు తిప్పికొట్టే హడావిడిలో, తిరిగి వస్తున్న తమ విమానాన్ని క్షిపణి అనుకున్నారు. రెండు నిమిషాల గడువు మనిషిని చేసే పని అది.

వ్యాఖ్యాత: కెప్టెన్ గారూ, వాణిజ్య ఓడ మీద ఉన్నవాళ్లకి వీటన్నిట్లో దేనికి ఎక్కువ భయం?

కెప్టెన్: పడవకి. డ్రోన్ సాధారణంగా బ్రిడ్జికో డెక్‌కో తగులుతుంది. మంటలు లేస్తాయి, మనుషులు చనిపోవచ్చు కూడా, కానీ ఓడ తేలుతూనే ఉంటుంది. పేలుడు పదార్థం నింపిన మనిషి లేని పడవ వచ్చి నీటిమట్టం దగ్గర, ఇంజిన్ రూమ్ పక్కన తగిలిందంటే ఇంక అంతే. 2024 జూన్‌లో ట్యూటర్ అనే బొగ్గు ఓడని అలాగే కొట్టారు. పడవలో రెండు దిష్టిబొమ్మలు కూర్చోబెట్టారు, దూరం నుంచి చూస్తే చేపల పడవలాగే ఉంది. ఆ సముద్రంలో అలాంటి పడవలు రోజూ పదుల్లో ఎదురవుతాయి, ఏదని అనుమానిస్తాం? ఇంజిన్ రూమ్‌లోకి నీళ్లొచ్చాయంటే కరెంటు పోతుంది. కరెంటు పోతే లోపలి నీళ్లు తోడే బిల్జ్ పంపులు, అగ్నిమాపక పంపులు ఆగిపోతాయి. ఎమర్జెన్సీ జనరేటర్ ఒక్క పంపుకి సరిపోతుంది, మునిగే ఓడకి అది ఏ మూలకి?

అందుకని ముందుగా చేసుకోవాల్సినవి ఉంటాయి. ఇంజిన్ రూమ్‌లో నీళ్లు చొరనివ్వని తలుపులన్నీ మూసెయ్యాలి. అవసరం లేనివాళ్లని నీటిమట్టం కింద ఉండనివ్వకూడదు. ఫైర్ హోసులు ముందే పరిచి ఉంచాలి. రేవు వదిలే ముందే నురుగు ద్రావణం ఎంత ఉందో కొలిచి చూసుకోవాలి. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి క్షిపణి తగిలి, అందులోని నాఫ్తా, అంటే పెట్రోల్ లాంటి ద్రవం, అంటుకుంది. అందులో 22 మంది మన భారతీయులు, ఒక బంగ్లాదేశీ. నాఫ్తా మంటకి ఉత్త నీళ్లు చాలవు, నురుగు కావాలి, అది ఎంతసేపు వస్తుంది? ఐఎన్‌ఎస్ విశాఖపట్నం నుంచి పదిమంది బృందం సామగ్రితో వెళ్లి, సిబ్బందితో కలిసి ఆరు గంటలు పోరాడితే అదుపులోకి వచ్చింది. మన నౌకాదళం అమెరికా కూటమిలో చేరలేదు, విడిగా అరేబియా సముద్రంలో, ఏడెన్ సింధుశాఖలో తిరిగింది. నన్నడిగితే అదే మంచిదైంది, ఎవరు పిలిచినా పోగలిగింది.

వ్యాఖ్యాత: మేడమ్, యుద్ధనౌకలు అన్ని ఉన్నా కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిరిగి ఎందుకు పోయాయి?

బీమా విశ్లేషకురాలు: ఎందుకంటే వాళ్లు చూసింది ఎన్ని డ్రోన్లు కూల్చారన్నది కాదండీ, ఎన్ని తగిలాయన్నది. ఓడకి మామూలు బీమాలో యుద్ధ నష్టం ఉండదు. దానికి వేరే పాలసీ. లండన్‌లోని జాయింట్ వార్ కమిటీ ప్రమాద ప్రాంతాల జాబితా ఇస్తుంది. 2023 డిసెంబర్‌లో ఎర్ర సముద్రంలో ఆ గీతని ఉత్తరంగా 18 డిగ్రీల అక్షాంశం దాకా జరిపారు. ఆ గీత దాటే ప్రతి ఓడా ముందే చెప్పి, అదనపు ప్రీమియం కట్టాలి, సాధారణంగా ఏడు రోజులకి. చెప్పిన రేటు కూడా ఒకటి రెండు రోజులే చెల్లుతుంది. సంక్షోభానికి ముందు ఓడ విలువలో 0.05 శాతం ఉండేది, కొన్ని వారాల్లో 0.7 నుంచి ఒక శాతానికి చేరింది. పది కోట్ల డాలర్ల ఓడకి 0.7 అంటే ఒక్క ప్రయాణానికి ఏడు లక్షల డాలర్లు.

ఇప్పుడు అటువైపు చూడండి. ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ చుట్టూ పోతే ఆసియా నుంచి ఉత్తర యూరప్‌కి సుమారు 3,500 నాటికల్ మైళ్లు అదనం. 14 నాట్ల వేగంతో పది రోజుల పైమాట. రోజుకి వంద టన్నుల ఇంధనం, టన్ను 600 డాలర్లు అనుకుంటే ఆరు లక్షలు. కానీ సూయెజ్ టోల్ మిగులుతుంది, పెద్ద కంటైనర్ ఓడకి అదే లక్షల్లో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, ప్రాణభయం సంగతి అటుంచి, అంకెల్లో కూడా చుట్టూ తిరగడమే చవక. సూయెజ్ ఆదాయం 2023లో 1,025 కోట్ల డాలర్లు ఉంటే 2024లో 400 కోట్లకి పడిపోయింది అందుకే.

వ్యాఖ్యాత: 2025 మే 6న ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా, హూతీల మధ్య ఒప్పందం కుదిరింది కదా. రేట్లు దిగలేదా?

బీమా విశ్లేషకురాలు: 0.3 దాకా దిగాయి. జులై మొదటి వారంలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే వాణిజ్య ఓడలు హూతీల దాడుల్లో వరసగా మునిగాయి, మళ్లీ 0.7కి పోయాయి. ఆ రెండిటి పక్కనా ఎస్కార్ట్ లేదు. ఆ ఒప్పందం అమెరికా ఓడల వరకే. దానికి ముందు మార్చి 15 నుంచి వెయ్యికి పైగా లక్ష్యాలని కొట్టామని అమెరికా చెప్పుకుంది. అయినా ఒక్క వారంలో రెండు ఓడలు పోయాయంటే బీమావాడు ఏ అంకెని నమ్ముతాడు?

కెప్టెన్: యూరప్ వాళ్ల ఎస్కార్ట్ దళం ఆస్పిడెస్‌కి ఒక్కోసారి అంత పెద్ద ప్రాంతానికి మూడు నాలుగు యుద్ధనౌకలే ఉండేవి. ఎస్కార్ట్ కావాలంటే వరసలో నిలబడాలి. ఎదురుచూసే రోజులు కూడా ఖర్చే.

వ్యాఖ్యాత: ఇక్కడి మీద దీని ప్రభావం?

బీమా విశ్లేషకురాలు: ఆంధ్రా రొయ్యలు యూరప్ పోవాలంటే రీఫర్ కంటైనర్, అంటే శీతల పెట్టె, మైనస్ 18 డిగ్రీల్లో ఇంకో రెండు వారాలు కరెంటు తాగాలి. ఎగుమతిదారుకి సరుకు డబ్బు అన్నాళ్లు ఆలస్యంగా వస్తుంది, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు. 2024 రబీలో డీఏపీ ఆలస్యానికి కేంద్రం చెప్పిన కారణాల్లో కూడా ఇదొకటి, ఓడలు 6,500 కిలోమీటర్లు అదనంగా తిరిగొస్తున్నాయని.

వ్యాఖ్యాత: కమాండర్ గారూ, మరి మందేమిటి? 2025 ఏప్రిల్‌లో కర్నూలు రేంజ్‌లో డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ని కూల్చింది. హైదరాబాద్‌లో వాళ్లదే అయిన చెస్ ల్యాబ్ తయారుచేసినది. ఓడల మీద అదే పెట్టెయ్యొచ్చు కదా?

కమాండర్: పెట్టాలి, పెడతారు. కానీ కర్నూలు గాలి వేరు, ఎర్ర సముద్రం గాలి వేరు. ఉప్పు తేమ, ఎడారి ధూళి కలిస్తే కిరణం చెదిరిపోతుంది. ఒకే చోట కొన్ని సెకన్లు నిలిస్తేనే డ్రోన్ కాలుతుంది. గుంపుగా వస్తే ఒక్కొక్కటిగా కాల్చాలి. పాత ఓడల్లో దానికి చాలినంత కరెంటు, చల్లబరిచే ఏర్పాటు మిగిలుండవు. అది ఒక పొర మాత్రమే. మధ్యలో ఇంకో పొర ఉంది, హెలికాప్టర్. 2024 మార్చిలో ఫ్రెంచి హెలికాప్టర్ ఒకటి మెషిన్ గన్‌తో డ్రోన్‌ని కూల్చింది. అమెరికావాళ్లు ఎఫ్-16ల నుంచి లేజర్ గురి ఉన్న 70 ఎంఎం రాకెట్లు వాడారు. ఒక్కోటి పాతిక వేల డాలర్ల చుట్టుపక్కల, పైగా ఒక్క సెల్ కూడా ఖర్చుకాదు.

వ్యాఖ్యాత: బరాక్ తరహా క్షిపణులు హైదరాబాద్‌లోనే ప్రభుత్వ క్షిపణుల సంస్థ బీడీఎల్‌లో తయారవుతున్నాయి కదా. కొరత మనకి ఉండదేమో?

కమాండర్: ఫ్యాక్టరీ దగ్గరుంటే గోదాము నిండుతుంది, ఓడలో సెల్స్ పెరగవు. ఓడ ఏడెన్‌లో ఉంటే క్షిపణి హైదరాబాద్‌లో ఉన్నా ఒకటే, అమెరికాలో ఉన్నా ఒకటే. నన్నడిగితే ముందు చెయ్యాల్సింది చాలా చప్పటి పని. ఫిరంగి గుళ్లని తయారైన లాట్‌ల వారీగా విడదీసి, ఏటా ఒక్కో లాట్ నుంచి కొన్ని తీసి, ఎగిరే డ్రోన్ లక్ష్యాల మీద కాల్చి చూడాలి. ఫ్యూజు ఎంత దూరంలో పేలుతోందో రాసుకోవాలి. తేడా వచ్చిన లాట్‌ని ఓడ దించెయ్యాలి. అలాగే రాడార్‌కీ కంప్యూటర్‌కీ లంకెని కావాలని తెంపి, చేత్తో గురిచూసి కాల్చే అభ్యాసం ప్రతి ఓడ బయల్దేరే ముందు చేయించాలి.

కెప్టెన్: రాత్రిపూట కూడా సర్. పడవలు రాత్రి కూడా వస్తాయి.

కమాండర్: రాత్రిపూట, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా మీద. అవును.