ఒక్క మాట మారిస్తే చాలట

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మిత్రులందరికీ నమస్కారం. నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఈ పూటకు వృత్తిధర్మం పక్కన పెట్టి, వాటికి ఆధారాలు అడగను.

కార్యక్రమాల మూల్యాంకనం చేసేవారి, అంటే అవి నిజంగా పనిచేశాయో లేదో తేల్చేవారి, దినచర్య గురించి చెప్పమన్నారు. అందులో చూడముచ్చటైనదేమీ లేదు. నిన్న ఉదయం కొత్తగా చేరిన సహోద్యోగి ఒక పట్టిక తెచ్చారు. శిక్షణ పొందినవారి సగటు వయసు 34 అని ఉంది. అది 25 ఏళ్ల లోపు యువతకు పెట్టిన శిక్షణ! ఫారాలు తిరగేస్తే, వయసు చెప్పనివారి గడిలో 99 అని ఉంది. 'జవాబు లేదు' అనడానికి మేమే పెట్టుకున్న గుర్తు. కంప్యూటర్‌కు ఏం తెలుసు పాపం? అంతమంది వృద్ధులనూ కలిపి సగటు తీసింది. నా ఉద్యోగంలో సగం ఇలాంటి 99ల వేటే.

మిగతా సగం ప్రశ్నలతో కుస్తీ. 'శిక్షణ మీకు నచ్చిందా, ఉపయోగపడిందా?' అని రాస్తారు. ప్రశ్నలు రెండు, గడి ఒకటి. అవును అంటే దేనికి అవును?

ఇప్పుడు ఓఈసీడీ, అంటే ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ, మూల్యాంకనానికి పెట్టిన ప్రమాణాల గురించి చెప్పాలి. 1991 నుంచి అయిదు ఉండేవి, 2019లో ఆరోది చేరింది. కానీ నచ్చడం, ఉపయోగపడడం అనగానే నాకు ఒక ఫోను గుర్తొచ్చింది. అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు అనవసరం. శిక్షణ పొందినవారి ఆదాయం పెరిగింది. పొందనివారిదీ అంతే పెరిగింది. 'శిక్షణ వల్ల ఆదాయంలో మార్పు కనిపించలేదు' అని రాసి పంపాను. సాయంత్రానికి ఫోను.

"నివేదిక అద్భుతంగా ఉందండీ. ఒక్క మాట మారిస్తే చాలు."

"ఏ మాట?"

"ఆ 'లేదు' అన్నది."

పైగా, "నూటికి తొంభై మంది బాగుందన్నారు కదా, మీ పట్టికలోనే ఉంది" అన్నారు. ఉంది. ఆయన మోసగాడు కాదు, మనస్ఫూర్తిగా నమ్మి అడిగిన మనిషి.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో, పిల్లలు నేరాల దారి పట్టకుండా చూడాలని 506 మంది అబ్బాయిలను తీసుకుని, నాణెం ఎగరేసి రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏళ్ల తరబడి సలహాదారులు, చదువులో సాయం, వైద్యం, వేసవి శిబిరాలు. రెండో జట్టుకు ఏమీ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకున్నారు. సాయం అందుకున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఎంతో మేలు జరిగిందన్నారు. లెక్క చూస్తే నేరాలు తగ్గలేదు. మద్యం వ్యసనం, తీవ్రమైన మానసిక వ్యాధులు ఆ జట్టులోనే ఎక్కువ. 1978లో ఆమె దాన్ని దాచకుండా ప్రచురించారు. బాగుందన్న జవాబు వినగానే నాకు ఆ అబ్బాయిలే గుర్తొస్తారు.

నా వాక్యం ఏమైందంటారా? నేను మార్చలేదు. వాళ్లూ మార్చలేదు. అచ్చయిన ప్రతిలో 84వ పేజీలో, అనుబంధంలో, పట్టిక కింద చిన్న అక్షరాల్లో భద్రంగా ఉంది. మొదటి పేజీ సారాంశంలో తొంభై శాతం ఉంది. నేనేం చేశాననుకుంటున్నారు? ఏమీ చేయలేదు. నాకు ఆఖరి విడత సొమ్ము ఇంకా రావలసి ఉంది.

ఈ సభలో నిధులు ఇచ్చేవారు ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. ఏ నివేదికలోనైనా 84వ పేజీ దాకా వెళ్లినవారు చేతులెత్తండి. వెనక వరుసలో ఒకరు... కాదు, ఆయన ఫ్యాన్ ఆపమంటున్నారు.

అధ్యక్షులు చీటీ పంపారు, సమయం అయిపోయిందట. ఆరు ప్రమాణాలు మిగిలిపోయాయి. విరామంలో ఎవరైనా అడిగితే చెబుతాను.