రెండేళ్ల కాలేజీ నుంచి ఎన్‌బీఏ దాకా

జూనియర్ కాలేజీ అనగానే మనకు ఇంటర్మీడియట్ గుర్తొస్తుంది. అమెరికాలో లెక్క వేరు. అది హైస్కూల్ అయ్యాక చేరే రెండేళ్ల కాలేజీ. పెద్ద యూనివర్సిటీల కంట పడని బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు, మార్కులు చాలక ఆగిపోయినవాళ్లు అక్కడికి వెళతారు. అక్కడి ఆట జూనియర్ కాలేజీల క్రీడా సంఘం ఎన్‌జేసీఏఏ కింద మూడు డివిజన్లుగా నడుస్తుంది. ఏ డివిజనో చేరేముందే అడగాలి. మొదటి దాంట్లో ఫీజుతోపాటు వసతి, భోజనం కూడా స్కాలర్‌షిప్‌లో రావచ్చు. రెండో దాంట్లో ఫీజు, పుస్తకాల వరకే. మూడో దాంట్లో ఆట పేరు మీద పైసా రాదు.

ఈ దారిలోనే ఎన్‌బీఏకి (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) చేరిన జిమ్మీ బట్లర్ అంకెలు చూడండి. టెక్సస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీలో మ్యాచ్‌కి సగటున 18 పాయింట్లు. 2008లో మిల్వాకీలోని మార్కెట్ యూనివర్సిటీకి (బజారుతో సంబంధం లేదు, దాని పేరే అంత) మారాక తొలి సీజన్‌లో 5.6. చివరి ఏడాదికి 15.7 దాకా ఎక్కాడు. 2011 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్ చిట్టచివర, 30వ పేరుగా షికాగో బుల్స్ టీము తీసుకుంది. అక్కడ తొలి సీజన్ సగటు 2.6! మెట్టు ఎక్కిన ప్రతిసారీ చేతికి బంతి తక్కువ వస్తుంది. పాయింట్లు రాని ఆ రోజుల్లో కోర్టులో నిలబెట్టేది డిఫెన్సే.

అయితే ఎక్కువమంది జారేది మార్కుల కాగితం దగ్గర. నాలుగేళ్ల యూనివర్సిటీల ఆటలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ. హైస్కూల్లో దాని అర్హత తెచ్చుకోనివాడు ఆ సంఘం పై మెట్టైన డివిజన్ వన్ యూనివర్సిటీకి మారాలంటే కనీసం మూడు సెమిస్టర్లు ఫుల్‌టైమ్ చదవాలి, అక్కడి రెండేళ్ల డిగ్రీ పూర్తిచేయాలి, బదిలీకి పనికొచ్చే క్రెడిట్లు 48 ఉండాలి. వాటిలో ఇంగ్లీష్ 6, మ్యాథ్స్ 3, సైన్స్ 3. జీపీఏ 2.5. తిరకాసంతా ‘బదిలీకి పనికొచ్చే’ అన్న మాటలో ఉంది. అరవై చేశానని కుర్రాడు ధీమాగా ఉంటాడు. వెనకబడినవాళ్లకు పెట్టే రెమెడియల్ మ్యాథ్స్, వ్యాయామం క్లాసులు తీసేస్తే నలభై దాటవు. ఏ సబ్జెక్టును ఒప్పుకోవాలో చేర్చుకునే యూనివర్సిటీ ఇష్టం. అందుకని మొదటి సెమిస్టర్‌లోనే, వెళ్లాలనుకున్న మూడు నాలుగు చోట్ల జాబితాలు తెప్పించుకుని, వాటిని పక్కన పెట్టుకుని క్లాసులు ఎంచుకోవాలి. క్రెడిట్లు చాలవని మే నెలలో తేలితే వేసవి క్లాసుల కోసం ఉరుకులు పరుగులే.

డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లూ కలిపి గరిష్ఠంగా 60 పేర్లు. అందులో లేనివాడికి టూ-వే ఒప్పందం (ఎన్‌బీఏ టీముకూ, దాని కింది లీగ్‌కూ కలిపి ఆడే ఒప్పందం) ఒక దారి. టీముకు మూడే ఉంటాయి, దానిమీద ఎన్‌బీఏలో 50 మ్యాచ్‌లకు మించి ఆడనివ్వరు, మిగతా కాలం ఆ కింది లీగ్‌లో, అంటే జీ లీగ్‌లో.

ఇక షాట్ సంగతి. బుట్టకు ఎదురుగా కాలేజీ త్రీ-పాయింట్ గీత (దాని బయటినుంచి వేస్తే మూడు పాయింట్లు) 22 అడుగుల 1¾ అంగుళాలు, ఎన్‌బీఏది 23 అడుగుల 9 అంగుళాలు. అడుగున్నరకు పైగా తేడా. కార్నర్‌లో, అంటే కోర్టు మూలలో, మాత్రం సుమారు 4 అంగుళాలే. అక్కడి షాట్ ముందు కుదుర్చుకుంటే, బంతి పెద్దగా దొరకని ఆటగాడికీ టీములో ఒక పని దొరుకుతుంది.

కోచ్‌లకు వీడియో పంపేటప్పుడు డంకులు (ఎగిరి బంతిని బుట్టలోకి కుక్కే షాట్లు) ఏరి కూర్చిన మూడు నిమిషాలతో సరిపెట్టకండి. ఓడిన మ్యాచ్ ఒకటి మొదటినుంచి చివరిదాకా జతచేయండి. షాట్ తప్పాక కుర్రాడు తల పట్టుకుని నిలబడ్డాడా, వెనక్కి పరుగెత్తాడా అన్నది అందులోనే కనబడుతుంది.